మన పెద్దలు త్రవ్విన గుంత

(సంఘము ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు మమ్ములను పిలిచి "ఈ మారు మీరు కూడ కాసేపు మాటలాడవలెను" అన్నప్పుడు తప్పించుకొనజూచినాము. మేము చదివినది పదవ తరగతి. చేయుచున్నది రైల్వేలో గుమాస్తా పని. దినమంతయు వ్రాయునది వ్యాగన్ల నంబర్లు, సరుకుల బరువులు. ఉగాది సభలో పంచాంగశ్రవణ ముండును, పద్యము లుండును, ఆడపిల్లల నాట్య ముండును. గరుసుగుంతను గూర్చి ఎవరైన మాటలాడుదురా? అయినను ఆయన విడువలేదు. "ఆ గుంత సంగతి మొదటినుండి చివరిదాక మీకు తెలిసినట్లు మరొకరికి తెలియదు. మీరు చెప్పండి, చెప్పినదానినే వ్రాసి యియ్యండి, సంచికలో వేసెదము" అన్నారు. పెద్దవారి మాట కాదనలేక నిలుచున్నాము. తప్పులుంటే మన్నించవలెను.

మొదట నీళ్ళ సంగతి చెప్పుదుము. మనలో చాలమంది అనంతపురము, చిత్తూరు, కడప జిల్లాలనుండి వచ్చినవారు; పాలమూరునుండి వచ్చిన కుటుంబములు కూడ ఉన్నవి. పెన్న, చిత్రావతి, పాపఘ్ని - ఈ పేర్లు చెప్పగానే మనకు మన ఊరు కండ్లలో మెదలును. ఈ మూడును పుట్టినది ఎక్కడ? మనము సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని చూడబోవు నందికొండల సీమలోనే. అక్కడనే మరియొక యేరు పుట్టి దక్షిణముగా దిగుచున్నది. దాని పేరు అర్కావతి. అది హెసరఘట్ట చెరువునకు వచ్చి, తిప్పగొండనహళ్ళి జలాశయమును దాటి, కనకపుర ప్రాంతమున సంగమమువద్ద కావేరిలో కలియును. 1894లో హెసరఘట్ట, 1933లో తిప్పగొండనహళ్ళి కట్టి బెంగుళూరువారు ఆ నీళ్ళే త్రాగినారు. కావేరి నీళ్ళు వచ్చినది 1974లో. మన పీణ్య పల్లమునుండి పోవు కాలువలు వృషభావతిలోనికి, వృషభావతి మరల అర్కావతిలోనికి పోవును. కనుక మనము పరాయిసీమకు వచ్చినామని అనుకొనినను, మన ఊరి పెన్నకు తోబుట్టువైన యేటి గట్టుననే కాపురమున్నాము. ఈ మాట మేము మ్యాపు చూచి తెలిసికొన్ననాడు రాత్రి చాలసేపు నిద్రపోలేదు. నవ్వకండి, నిజమే చెప్పుచున్నాము.

అర్కావతి ఏండ్ల తరబడి సరిగా పారలేదు. బోరుబావులు దాని క్రింది నీటిని లాగివేసినవి, నీలగిరి తోటలు కొంత త్రాగినవి. నీలగిరి నాటరాదని కర్ణాటక ప్రభుత్వము 2017లో నిషేధించినది గాని అంతకు ముందు నాటినవి నాటినట్లే ఉండెను. వృషభావతి మాత్రము పారుచునే యున్నది. ఏమి పారుచున్నదో మీ ముక్కునకు తెలియును.

ఇక గుంత. మన వీధులకు పడమరగా, రాజకాలువ గట్టున ఉన్న పల్లమును మీరందరును చూచియే యుందురు. దానిని దేవుడు చేయలేదు. వానలు కోసినది కాదు. మన తాతలు త్రవ్వినారు. 1970లలో పీణ్యలో కార్ఖానాల వాడ లేచినప్పుడు రోడ్లకు, షెడ్ల పునాదులకు గరుసు కావలసివచ్చినది. మన వడ్డెరవారిని మేస్త్రీలు ఊళ్ళనుండి పిలుచుకొని వచ్చినారు. మా తాత అట్లు వచ్చినవాడే. గడ్డపార, పార, రెండు తట్టలు, నాలుగు గాడిదలు, మా అవ్వ - ఇది ఆయన సంసారము. ఈ నేలమీద పైన అడుగో రెండడుగులో ఎర్రమన్ను, దాని క్రింద బండ మాగి పొడియైన గరుసు, ఆ క్రింద గట్టి బండ. లాల్‌బాగులో గుట్టగా కనబడు బండయును ఇట్టిదే. దాని వయస్సు మూడువందల కోట్ల సంవత్సరములని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. అంత కాలము మాగిన దానిని మా తాత రోజుకూలికి తట్టలకెత్తినాడు.

త్రవ్వకము కొలుచుటకు ఒక పద్ధతి యుండెడిది. గుంత నడుమ అక్కడక్కడ దిమ్మలు విడిచిపెట్టెడివారు. దిమ్మ ఎత్తు ఎంతో, త్రవ్విన లోతు అంత. మేస్త్రీ టేపు పట్టి దిమ్మను కొలిచి కూలి లెక్క కట్టును. లెక్క తీరినపిమ్మట దిమ్మలను కూడ త్రవ్వివేయుదురు. మన గుంతలో ఒక దిమ్మ మిగిలిపోయినది. ఎందుకు మిగిలినదని మేము చిన్నప్పుడు అడిగితే తాత "దాని లెక్క ఇంగా తేల్లేదురా అబ్బోడా" అనెడివాడు. చివరి వారము కూలి ఇయ్యకనే మేస్త్రీ పోయినాడట. ఆ దిమ్మ ఇప్పటికిని ఉన్నది. దాని సంగతి మరల వచ్చును, జ్ఞాపకముంచుకొనండి.

మాది రైల్వే కనుక ఒక చిన్నమాట. రైలుకట్ట ప్రక్కన పొడుగునా మీరు చూచు మడుగులు, తామరలు పూచి యుండునవి, అవి కూడ ఇట్టి గుంతలే. కట్ట పోయుటకు ప్రక్కనే మన్ను త్రవ్వినారు. 1864లో మదరాసువైపునుండి మొదటి బండి బెంగుళూరు దండునకు వచ్చిననాటినుండి రైలుకు మన్ను, రాయి కావలసియే యున్నది. పట్టాల క్రింద పోయు కంకర అరవైయైదు మిల్లీమీటర్లనుండి ఇరవై మిల్లీమీటర్ల లోపల నుండవలెను. ఆ జల్లెడ లెక్కల కాగితములు మా బల్లమీదుగా పోవును. రాయి ఎంత వచ్చినదో వ్రాయు రిజిస్టరున్నది. రాయి పోయినచోట ఏమి మిగిలినదో వ్రాయు రిజిస్టరు ఏ ఆఫీసులోను మేము చూడలేదు.

యేటి ప్రక్క గరుసు పొర ఊరక పడియున్న మన్ను కాదు. అది యేటికి సంచివంటిది. వానాకాలము నీటిని పీల్చుకొని, యెండకాలము కొంచెము కొంచెముగా యేటికి విడుచును. దానిని త్రవ్వి తీసికొనిపోయిన ఆ సంచి పోయినట్లే. మిగిలిన గుంతలో భూమిలోని నీరు బయటపడి నిలుచును. కాలువ పొంగిన గుంత నిండును, కాలువ దిగిన గుంతయు దిగును. కాలువకును గుంతకును నడుమ గట్టు పలుచగా నుండిన, పెద్దవానకు గట్టు తెగి యేరు గుంతలోనికి దారి మార్చుకొనును. పెద్ద నదులవద్ద ఇసుకగుంతలతో ఇట్లే పొలములు కోసికొనిపోవును.

ఇప్పుడు చెప్పబోవునది చెప్పవలెనా వద్దా అని మేము, మా ఇంటిలోనివారు రెండుదినములు ఆలోచించినాము. మీలో పెద్దవారికి తెలిసినదే. ఇరువది యేండ్ల పైమాట. మా తమ్ముడు తొమ్మిదేండ్లవాడు. వినాయకచవితి వెళ్ళిన వారము. నాలుగుదినములు వాన పడి గుంత నిండినది. బంతి పడినదని దిగినాడు. వానికి ఈత రాదని అందరు అనుకొనిరి. వచ్చును. ఊరి బావిలో మేమే నేర్పినాము. వాడు నీటిలో ఈదుచునే గట్టు చేరినాడు. మేము ఎదుటిగట్టునుండి కండ్లార చూచినాము. గట్టు గోడవలె నిలువుగా కోసియున్నది. తడిసిన గరుసు పట్టుకొన్నకొలది చేతిలోనికి ఊడివచ్చినది. మేము చుట్టు తిరిగి పరుగెత్తి చేరునంతలో అయిపోయినది.

లోతు వానిని చంపలేదు, గట్టు చంపినది. ఈ మాట మాకు స్ఫురించుటకు పదునైదేండ్లు పట్టినది.

అప్పటినుండి మా అమ్మకు ఒక్కటే కోరిక: ఆ గుంత పూడిపోవలెను, నేల చదునై అది ఎక్కడ నుండెనో ఎవరికిని తెలియరాదు. కాబట్టి కొన్నేండ్ల క్రిందట ఒక టిప్పరు కాంట్రాక్టరు మన సంఘమునకు వచ్చి, "ఇండ్లు పడగొట్టిన రాళ్ళు, మట్టి తెచ్చి మీ గుంత పూడ్చెదము, లోడు కింత యిచ్చెదము, పిమ్మట మీరు దానిమీద కల్యాణమంటపమే కట్టుకొనవచ్చును" అన్నప్పుడు అందరికంటె ముందు చేయి ఎత్తినది మేమే. లెక్కలు వ్రాసినదియు మేమే. నేల సర్కారుది, మనది కాదు; దానిని పూడ్చుటకు అనుమతి యిచ్చుటకు మన మెవరమని ఒక్కరము కూడ అడుగలేదు.

మొదటి వారము రాళ్ళు, మట్టియే వచ్చినవి. తరువాత రాత్రిపూట బండ్లు రాసాగినవి. తెల్లవారి చూచిన రెక్సిన్ ముక్కలు, రంగుడబ్బాలు, ప్లాస్టికు మూటలు, కుళ్ళిన కూరగాయలు. మేము అడిగితిమి. కాంట్రాక్టరు లోడుకు ఇంకొంచెము పెంచినాడు. మేము రసీదు వ్రాసినాము. ఆ వేసవిలో గుంత అంటుకొని మూడుదినములు పొగవచ్చినది. పల్లపు వీధిలో పిల్లలు దగ్గి దగ్గి నిద్రపోలేదు. వాన పడిన తరువాత ఆ వీధి బోరు నీళ్ళు నల్లగా, నూనెతేరి వచ్చినవి. గరుసు నీటిని ఆపదు గదా; పైన పోసినదెల్ల క్రిందికి దిగినది. పీణ్యలో నేలక్రింది నీటికి ఇదివరకే తెగులున్నది. పూతపోయు కార్ఖానాలనుండి క్రోమియము దిగినదని పరీక్షలలో తేలినది. దానిమీద మన వంతు మనము చేర్చినాము.

బండ్లను ఆపినాము. కాని అందిన డబ్బు అందినదే. ఈ దినము మీరు కూర్చున్న ఈ ప్లాస్టికు కుర్చీలు ఆ డబ్బుతో కొన్నవే. ఈ సంగతి లెక్కల పుస్తకములో "ఇతర రాబడి" అని యున్నది. ఆ అక్షరములు మావే.

ఇది మన ఒక్కరి కథ కాదు. బెంగుళూరు చెత్తను ఉత్తరమున బెళ్ళహళ్ళి రాతిగుంతలలో పోసినారు. మండూరు గ్రామస్థులు ఎదురుతిరిగిన మీదట 2014 డిసెంబరులో అక్కడికి చెత్తబండ్లు నిలిచినవి. గుంత కనబడిన చెత్త గుర్తునకు వచ్చుట పట్టణముల అలవాటు. అయినను, ఊరంతయు చేసినదని మన తప్పు తగ్గదు.

మరి ఏమి చేయవలె? మాకు తెలియదు. మా ఆఫీసులో ఒక పెద్దమనిషి ఉద్యోగవిరమణకు ముందు కొన్ని పుస్తకములు, కాగితములు ఇచ్చినారు. అందులో ఇంగ్లండు కథ ఒకటి మమ్ములను పట్టుకొన్నది. లండనుకు ఆగ్నేయముగా కెంటు అను జిల్లాలో సెవెనోక్స్ అనియొక ఊరు, డారెంట్ అను చిన్నయేరు. ఆ యేటిప్రక్క గరుసు త్రవ్విన గుంతలు. 1956లో జెఫ్రీ హారిసన్ అను డాక్టరు ఆ గుంతలను నీటిపక్షులకు నివాసముగా చేయబూనినాడు. త్రవ్వకము పూర్తికాకమునుపే ప్రారంభించినాడు. ఆ దేశమున ఇట్టిపని అదియే మొదటిదందురు. ఆయన చేసినదేమనగా, వేటగాండ్రు కొట్టిన బాతుల కడుపులు కోసి ఏ గింజలు తిన్నవో చూచినాడు. ఆ గింజలు కాయు మొక్కలనే గట్లమీద నాటించినాడు. ఎంత తెలివి! మనమైతే మనకు నచ్చిన పూలమొక్కలు నాటి పిట్ట రాలేదని అలుగుదుము. మరియొకటి: నిలువుగట్టు బాతుకు పనికిరాదట. గట్టు మెల్లగా వాలి నీటిలోనికి దిగవలెను, మోకాలిలోతు నీరు చాలదూరము ఉండవలెను, నడుమ దిబ్బలుండవలెను. మేము ఆ వాక్యము చదివి పుస్తకము మూసినాము. బాతుపిల్ల ఎక్కగల గట్టు మనిషిపిల్ల కూడ ఎక్కగలదు.

పదేండ్ల తరువాత, 1966లో, ట్రెంట్ అను నది ప్రక్క అటెన్‌బరో అనుచోట ఇట్లే గరుసుగుంతలను పక్షులకు విడిచినారు. మన దేశములోను ఉన్నది. ఢిల్లీ ప్రక్క గురుగ్రాములో రాయి త్రవ్వి విడిచిన దాదాపు మూడువందల ఎనుబది యెకరముల ఆరావళి నేలలో 2010నుండి ఆ కొండజాతి చెట్లనే వెదకి విత్తులు తెచ్చి పెంచినారు. ఊరిజనము, బడిపిల్లలు వచ్చి నాటినారు. ఆఫ్రికాలో మొంబాసా దగ్గర సిమెంటు కార్ఖానావారి సున్నపురాతిగుంతలో 1971లో రెనే హాలర్ అను ఆయన ఇరువదియారు జాతుల చెట్లు నాటగా మూడే బ్రతికినవి. అందులో ముఖ్యమైనది మన సరుగుడు. సరుగుడాకు రాలి కుప్పపడినది గాని కుళ్ళలేదు. అప్పుడాయన రోకలిబండలను - జెర్రులు కావు, అమ్మా, ముట్టితే చుట్టుకొనిపోవు ఆ పురుగులను - తెచ్చి విడిచినాడు. అవి తిని విసర్జించినదే మన్నయినది. ఇది విన్నప్పటినుండి మా ఇంటిలో రోకలిబండను చీపురుతో కొట్టుట మాన్పించినాము.

మన గుంత వీటి ముందు ఎంత? ఒక మూలనుండి కేకవేసిన మరియొక మూలకు వినబడును. అయినను పని పనియే.

మొదట కాగితము. సర్కారు కచేరికి మూడుమార్లు అర్జీ పెట్టినాము. మొదటిది పోయినదన్నారు, రెండవది మరియొక కచేరికి పంపవలెనన్నారు. మూడవదానికి సమాధానము వచ్చినది: మొక్కలు నాటవచ్చును, కంచె వేయవచ్చును, ఏ కట్టడమును కట్టరాదు. కల్యాణమంటపము ఆశ అంతటితో ముగిసినది. కొందరికి ఇప్పటికిని మామీద కోపమున్నది. ఉండవచ్చును.

తరువాత చెత్త. పైన కనబడినదానిని ఏరి కార్పొరేషను బండ్లకు ఎత్తించినాము. అడుగున మిగిలినది మిగిలియే యున్నది. దాచిపెట్టి ప్రయోజనము లేదు. తరువాత జేసీబీ తెప్పించి మన వీధివైపు గట్టును వాలుగా కోయించినాము: ఒక అడుగు దిగుటకు నాలుగడుగులు నడువవలసినంత వాలు. కోసిన గరుసుతోనే రాజకాలువవైపు గట్టును ఎత్తుచేయించినాము, ఆ మురికి ఇటు పొంగిరాకుండ. పైవాలునుండి వచ్చు వాననీరు మాత్రము గుంతలోనికి దిగునట్లు చిన్న కాలువ. జేసీబీ డ్రైవరు పాలమూరు అబ్బాయి. దిమ్మను కూడ తీసివేయుదునా అన్నాడు. మేము వద్దన్నాము. ఎందుకని అడిగినాడు. దాని లెక్క ఇంకను తేలలేదని చెప్పినాము. ఆతడు మమ్ములను వింతగా చూచి బండి త్రిప్పుకొన్నాడు.

ఇక మొక్కలు. మొదటి యేడు మేము చేసిన తెలివితక్కువ పని చెప్పుదుము, నవ్వుకొనండి. నర్సరీనుండి నిలువెత్తు మొక్కలు తెచ్చి, గరుసులో గుంతలు తీసి, ఫొటోలు దిగి, నాటినాము. గరుసులో ఏమున్నది? సత్తువ లేదు, నీరు నిలువదు, జేసీబీ చక్రములు తొక్కి సిమెంటువలె గట్టిపడినది. మార్చి వచ్చునప్పటికి సగము కూడ మిగులలేదు. ఆ ఊరిపెద్దమనుషుల పుస్తకములన్నియు చదివి మేము మరచినది మా తాత చెప్పిన మాట: పైమన్ను వేరుగా పెట్టవలె. త్రవ్వునాడు పై అడుగు మన్నును ఒకప్రక్క కుప్పపోసి, పని తీరినపిమ్మట మరల పరచవలె. విత్తులు, వేళ్ళు, పురుగులు, బూజు - నేలకు ప్రాణమైనదంతయు ఆ అడుగులోనే యుండును. మన గుంత పైమన్ను యాభై యేండ్ల క్రిందటనే ఏదో షెడ్డు అడుగున పడిపోయినది.

రెండవయేడు ముందు నేలకు తిండి పెట్టినాము. గడ్డపారలతో గట్టిపొరను విరిచి, జీలుగు, జనుము చల్లినాము. జీలుగు నీటిలో నిలిచినను చావదు, వేళ్ళ బుడిపెలలో గాలినుండి నత్రజని పట్టి నేలకిచ్చును. పూతకు రాగానే త్రొక్కించి మన్నులో కలిపినాము. జీలుగు విత్తులు ఊరినుండి తెప్పించినది మా అమ్మ. ఆమె ఆ దిక్కునకు ఇప్పటికిని రాదు. "గుంత పూడ్చలేదు, సరే. బోడిగా అయినా పెట్టబాకండి" అన్నది. అంతకుమించి మాటలాడలేదు.

నీటి అంచున వట్టివేరు, తుంగ, రెల్లు. వట్టివేరు నిలువుగా ఆళ్ళలోతు దిగి గట్టును కుట్టినట్లు పట్టుకొనును. మన గట్టు రెండు పెద్దవానలకు ఆగినదన్న దాని పుణ్యమే. దానికి పైన వావిలి, కానుగ. ఇంకను పైన ఏరుమద్ది, నేరేడు, మేడి, వేప. మేడిని గూర్చి కొందరు పెద్దలు అభ్యంతరము చెప్పినారు, లోపల పురుగులుండునని. ఆ పండ్లకొరకే పిట్టలు వచ్చునండీ. కొందరు త్వరగా పెరుగునని సుబాబులు, నీలగిరి అన్నారు. వాటిని ఒప్పుకొనలేదు. అందముగా నుండునని ఒకరు గుర్రపుడెక్క తెచ్చి నీటిలో విడిచినారు! కొన్నాళ్ళకే గుంత సగము కప్పినది. ఆరు ఆదివారములు నడుములోతు నీటిలో దిగి లాగినాము. పేరు చెప్పము, ఆయన మూడవవరుసలో కూర్చుండి తల వంచుకొన్నారు.

జిల్లేడు, వెంపలి, తంగేడు మేము నాటలేదు, వాటంతట అవియే వచ్చినవి. మొదట వాటిని పీకినాము, శుభ్రముగా నుండవలెనని. తరువాత చూచిన ఆ నీడన పడిన వేపగింజలే మేము నీళ్ళుపోసిన వేపకంటె బాగుగా పెరిగినవి. ఇప్పుడు వాటి జోలికి పోము.

చెట్లు నాటుట అన్నిచోట్లను మంచిపని కాదు, ఇదియు చెప్పవలెను. మొన్న కొందరు యువకులు మన పని చూచి సంతోషించి, హెసరఘట్టలో అంత బయలు ఖాళీగా నున్నది, అక్కడ కూడ వేయి మొక్కలు నాటుదుమన్నారు. అది ఖాళీ కాదు, పచ్చికబయలు. గడ్డిలోనే బ్రతుకు పిట్టలు, చలికాలము దూరదేశములనుండి వచ్చు గ్రద్దలు దానిమీద ఆధారపడియున్నవి. అయిదువేల ఆరువందల పైచిలుకు ఎకరములను సంరక్షిత ప్రాంతముగా చేయుటకు 2024లో రాష్ట్ర వన్యప్రాణిమండలి ఒప్పుకొన్నది. అక్కడ చెట్టు నాటిన గడ్డికి చేటు. గుంత మనిషి పాడుచేసినది గనుక మనిషి చేయి కావలె. బయలు పాడుకాలేదు గనుక చేయి తీయవలె. ఆ యువకులు ఉత్సాహము కలవారు. ఆ ఉత్సాహమును ఆదివారము ఉదయము మన గట్టుమీదికి తెచ్చిన చాలును.

మూడు వానాకాలములు గడచినవి. ఏమి వచ్చినదని అడుగుదురేమో. నిరుడు మాఘములో దిమ్మమీద లకుముకిపిట్ట కూర్చున్నది. దిమ్మ ప్రక్కను నిలువుగా నున్న మన్నులో బొరియ చేసి పిల్లలను లేపినది. గట్టులన్నియు వాలుగా చేసితిమి. ఆ ఒక్క దిమ్మ మాత్రము నిలువుగా మిగిలినందుననే అది వచ్చినది. బుడుబుంగలు రెండు తుంగలో తిరుగుచున్నవి. పల్లపు వీధి బోరులో నూనెతేట తగ్గినది, పోలేదు. నీరు పరీక్ష చేయించినప్పుడెల్ల కాగితము నోటీసుబోర్డుమీద అంటించుచున్నాము, మంచిదైనను చెడ్డదైనను. ఆ నీరు త్రాగరాదు. చేపలున్నవి, పట్టి తినరాదు. గరుసులోనుండి కాలువ నీరు ఊరుచునే యుండును గనుక. నిమజ్జనమునకు వినాయకులను అక్కడికి తేరాదు. మీకు కష్టముగా నుండును, తెలియును. బోర్డు తెలుగులోను కన్నడములోను వ్రాయించినాము. ఒకరాత్రి ఎవరో దానిమీద రాయి వేసినారు. మరల వ్రాయించినాము.

కుర్చీల సంగతి. కార్యవర్గములో మేమొక తీర్మానము పెట్టినాము: టిప్పరు డబ్బు ఎంత వచ్చినదో అంత, ఏడాదికి కొంత చొప్పున, గుంత ఖర్చునకు జమకట్టవలెనని. సగము తీరినది. మిగిలిన సగమునకు చందాపుస్తకము ద్వారమువద్ద నున్నది. మొదటి పేరు మాది, చూడవచ్చును.

ఇక కావలసినది మనుషులు. వేసవి రెండునెలలు క్రొత్త మొక్కలకు వారమునకు రెండుమార్లు నీరు పోయవలె. టాంకరు వచ్చును గాని గొట్టము పట్టువారు లేరు. ఒక్కొక్క వీధికి ఒక్కొక్క ఆదివారము అని కార్యదర్శిగారు పట్టిక వ్రాసినారు. ఉదయము ఆరున్నరకు రావలె. ఎండెక్కిన తరువాత పోసిన నీరు దండుగ. పార లేనివారికి మా ఇంటిలో మూడున్నవి. అందులో పిడి మార్చినది మా తాతది. అది మాత్రము పని అయినవెంటనే కడిగి తిరిగియ్యవలె. పిల్లలను తీసికొనిరండి. వాలుగట్టుమీద నడిపించి, నీటి అంచువరకు దింపి, మరల ఎక్కించి చూపండి. ఈత వచ్చినను రాకపోయినను ఎక్కుట నేర్పండి.

ఈ ఉగాది పచ్చడికి వేపపువ్వు యశవంతపురము మార్కెట్టునుండియే తెచ్చినాము. గట్టుమీది వేపలు ఇంకను పూయలేదు. వచ్చే ఆదివారము రెండవవీధివారి వంతు.